ఆకలి ఎరుపు, తిండి ఎరుపు

అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో చాలామందికి చేపల మోజు కాస్త తీరాక వెనక వరస మొక్కల మీద మనసు పోతుంది. అందులోనూ ఎర్రవాటి మీద. ఫొటోలో కుంకుమ రాశి పోసినట్టున్న రోటాలాని చూస్తారు, వెతికి తెప్పించుకుంటారు, నాటతారు. నెల తిరక్కుండా అది ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు ఎర్ర వెలుగు కొట్టే లైటు కొంటారు. దాంతో మొక్కే కాదు, ఇసకా చేపలూ వెనక గోడా అన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఆ తరవాత ఐరన్ సీసా. అదీ అయిపోయాక, "మీ మొక్క ఎట్లా ఎర్రగా ఉంది?" అని నా దగ్గరికి వస్తారు.

పిడుగురాళ్లలో నాకు ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. కౌంటరు పక్కన నాలుగడుగుల తొట్టి ఉంది, ఇంట్లో మూడడుగులది ఇంకొకటి. కొట్టుకొచ్చే రైతుల్లో సగం మంది ముందు తొట్టి చూసి తరవాతే బేరం మొదలుపెడతారు. ఒక పెద్దాయనైతే వచ్చినప్పుడల్లా అదే మాట, "ఏందబ్బాయ్, నీళ్లలో తోటకూర పెంచుతున్నావా?" అని. నేను కూడా ప్రతిసారీ, "అవును బాబాయ్, పప్పులోకి" అంటాను. కానీ ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. ఇంట్లో తొట్టిలో వెనక వరసన ముదురు మెరూన్ రంగులో నిలబడే ఆల్టర్నాంథెరా రైనెకీ తోటకూర కుటుంబపు మొక్కే. ఊరు దక్షిణ అమెరికా. మనం వండుకునే పొన్నగంటి కూరకు ఇది స్వయానా దాయాది, ఇద్దరిదీ ఒకటే ప్రజాతి.

ఇక కొట్టులో ఉన్న రోటాలాలు గోరింటాకు, దానిమ్మల కుటుంబానివి. ఈ సంగతి ఏదో జీకే ప్రశ్న కోసం చెప్పడంలేదు. ఏ మొక్కకి ఏం పెట్టాలో తేలేది ఇక్కడే.

ఆకుల్లో ఎరుపు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఆంథోసయనిన్. ఎర్ర గోంగూర కాడలో, నేరేడు పండులో ఉండేది ఇదే. రోటాలా, లుడ్విగియా, అమ్మానియా అనే తొట్టి మొక్కలన్నీ దీంతోనే ఎర్రబడతాయి. రెండోది బీటాలెయిన్. బీట్‌రూట్‌లో, ఎర్ర తోటకూరలో, బచ్చలి పండులో ఉండేది. ఆల్టర్నాంథెరాది ఈ ఎరుపు. ఒకే మొక్కలో ఈ రెండూ కలిసి ఉండవు. ఇంకో తేడా, ఆంథోసయనిన్ అణువులో నత్రజని లేదు, బీటాలెయిన్‌లో ఉంది.

నత్రజని అనేసరికి ఎరువుల కొట్టువాడికి చెవులు నిక్కబొడుచుకుంటాయి. పత్తి పండించే ప్రాంతం మాది. పంట ముదిరే రోజుల్లో ఎర్రబడిన పత్తి ఆకు తుంచుకుని రైతులు వస్తారు. మెగ్నీషియమో నత్రజనో తగ్గినందువల్ల చాలాసార్లు అలా అవుతుంది. లీటరు నీటికి పది గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొట్టమంటాను, పైపాటుగా యూరియా చెబుతాను. మొక్కకి నత్రజని చాలనప్పుడు, తయారైన చక్కెర కొత్త ఆకుగా మారలేక ఎర్ర రంగుగా పేరుకుంటుంది. రైతుకి అది జబ్బు. కౌంటరుకి ఇటు పక్కన నేను కావాలని రోటాలాకి తెప్పిస్తున్నది అదే జబ్బు. బాబాయికి ఒకసారి ఈ మాట చెబితే, "అట్టయితే మా చేలో పత్తి పీక్కొచ్చి ఇందులో పెట్టు, ఉత్త పుణ్యానికి ఇస్తా" అన్నాడు.

కాబట్టి నా లెక్క ఇది. రోటాలా రొటుండిఫోలియాకి నత్రజని తిండి తగ్గించాలి. ఆల్టర్నాంథెరాకి కడుపునిండా పెట్టాలి. దీన్ని ఆకలితో మాడిస్తే ఎర్రబడదు సరికదా, ఆకులు చిన్నవైపోయి, కింద ఆకుల్లో చిల్లులు పడి, ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోతుంది. రంగుకే నత్రజని కావాల్సిన మొక్క కాబట్టి ఇలా అవుతుందని నా అనుమానం. అందుకే రెండింటినీ ఒక తొట్టిలో పెట్టను. చాలామంది అందాల తొట్లు అక్కడే చెడతాయి. పక్కపక్కనే ఇద్దరిని కూర్చోబెట్టి ఒకరికి ఉపవాసం, ఒకరికి విందు అంటే నీళ్లలో కుదరదు, అందరి కంచమూ ఒకటే.

ఇక ఎరువులు. అక్వేరియం సీసాల్లో ఉండేదీ, మా గోడౌన్‌లో బస్తాల్లో ఉండేదీ చాలావరకు ఒకటే సరుకు. బస్తా మీది అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. మిర్చి రైతులు డ్రిప్పులో వదిలే 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. ఒక గ్రాము వంద లీటర్ల నీళ్లలో వేస్తే సుమారు ఆరు పీపీఎం, అంటే లీటరుకి ఆరు మిల్లీగ్రాముల నైట్రేట్ వస్తుంది. 0-52-34 భాస్వరానికి. ఒక గ్రాము వంద లీటర్లకు ఏడు పీపీఎం ఫాస్ఫేట్ ఇస్తుంది గనక చిటికెలోనే వ్యవహారం. 0-0-50 ఒట్టి పొటాష్.

కొట్టులో రోటాలా తొట్టిలో రాళ్లూ మట్టీ పోను రెండొందల లీటర్ల నీళ్లుంటాయి. దానికి వారానికి ఒక గ్రాము 13-0-45 మించను, మిగతా నత్రజని చేపల రెట్టలోంచి వస్తుంది. పొటాష్ మాత్రం 0-0-50 రూపంలో లోటు లేకుండా వేస్తాను. ఆకలి నత్రజనికి ఒక్కదానికే ఉండాలి. అన్నీ తగ్గిస్తే వచ్చేది ఎరుపు కాదు, నాచు. ఇంట్లో నూటయాభై లీటర్ల ఆల్టర్నాంథెరా తొట్టికి వారానికి నాలుగు గ్రాములు, రెండు విడతలుగా. వారం చివర సగం నీళ్లు మార్పు. నైట్రేట్ కొలిచే చుక్కల కిట్‌తో చూస్తే మొదటి తొట్టి అయిదు పీపీఎం దగ్గర, రెండోది పదిహేను ఇరవై మధ్య తిరుగుతుంటుంది.

నా మాట విని గోడౌన్ సరుకు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. 19-19-19 జోలికి వెళ్లొద్దు. పేరు నిండుగా ఉంటుంది, పొలానికి మంచిదే. కానీ అందులో నత్రజని ఎక్కువగా యూరియా, అమోనియా రూపంలో ఉంటుంది. చేపలు పోతాయి. పైరు మీద కొట్టే సూక్ష్మపోషకాల మిశ్రమాల్లో రాగి ఉంటుంది, రొయ్యపిల్లలు పెంచేవాళ్లు లేబుల్ చదవకుండా వేయకండి.

ఐరన్ సంగతి కూడా. నారుమడి తెల్లబడితే మనవాళ్లు అన్నభేదిలో (ఫెర్రస్ సల్ఫేట్) నిమ్మ ఉప్పు కలిపి కొడతారు చూడండి, ఆ నిమ్మ ఉప్పు ఐరన్ తుప్పుగా అడుగుకి దిగకుండా కాసేపు పట్టి ఉంచడానికి. తొట్టిలో కాసేపు చాలదు. ఒట్టి అన్నభేది క్షారపు నీళ్లలో పడగానే తుప్పు అవుతుంది, మొక్కకి అందదు. చీలేటెడ్ ఐరన్, అంటే తుప్పు పట్టకుండా ఇంకో రసాయనం గట్టిగా పట్టి ఉంచిన ఐరన్ వాడాలి. మా నీళ్ల పీహెచ్ ఏడు దాటుతుంది గనక అలా పట్టి ఉంచే రసాయనాల్లో ఈడీటీఏ కంటే డీటీపీఏ రకం మేలు. అయితే ఐరన్ పోస్తే మొక్క ఎర్రబడుతుందనే నమ్మకం ఒకటి పాతుకుపోయింది. ఐరన్ తక్కువైతే కొత్త ఆకు పాలిపోతుంది, నిజమే. సరిపడా ఉన్నచోట ఇంకా పోస్తే రంగు పెరగదు.

పిడుగురాళ్ల అంటేనే సున్నం. చుట్టూ సున్నపు బట్టీలు, కింద సున్నపురాయి. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. రొటుండిఫోలియా ఈ నీళ్లని ఓర్చుకుంటుంది. దాని అక్కలాంటి రోటాలా మాక్రాండ్రా ఓర్చుకోదు. అదీ మన దేశపు మొక్కే, కేరళ, కర్ణాటక పడమటి కనుమల వైపుది, మెత్తటి నీళ్లలో పుట్టి పెరిగింది. ఎరుపంటే అసలు దానిదే, వెడల్పాటి పల్చటి ఆకు, వెలుగు పడితే మెరుస్తుంది. ఒట్టి బోరు నీళ్లలో ఆ ఆకులు కరిగి కొనలు వంకర తిరుగుతాయి. మూడు వంతులు ఆర్వో నీళ్లకి ఒక వంతు బోరు నీళ్లు కలిపితే నిలబడింది. ఇంత చాకిరీ అవసరమా అంటే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి వద్దనే చెబుతాను.

నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదలకుండా ఎరుపు రాదా? వస్తుంది, లేతగా. ముదురు రంగు రావాలంటే లైటు గట్టిగా ఉండాలి, లైటు గట్టిగా ఉంటే మొక్క గ్యాస్ గట్టిగా అడుగుతుంది, ఇవ్వకపోతే ఆ వెలుగు నాచుకి పనికొస్తుంది. నాకు చిన్న సిలిండరు, రెగ్యులేటరు, టైమరుతో పనిచేసే వాల్వు ఉన్నాయి. లైటు వెలిగే గంట ముందు గ్యాస్ మొదలవుతుంది, లైటు ఆరే గంట ముందు ఆగుతుంది. రాత్రిపూట మొక్కలు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటాయి, అప్పుడు గ్యాస్ వదిలితే పొద్దునకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. గ్యాస్ ఎంతుందో చూపడానికి లోపల తగిలించిన గాజు బుడ్డిలో రంగు నీళ్లు నీలంగా ఉంటే గ్యాస్ చాలలేదు, ఆకుపచ్చగా ఉంటే సుమారు ముప్ఫై పీపీఎం, అంటే సరిపోయినట్టు, పసుపైతే వెంటనే తగ్గించాలి. లైటు ఏడు గంటలు. తెల్ల ఎల్‌ఈడీలే. రంగు నిజమో కాదో తేల్చుకోవాలంటే ఒక కొన తుంచి కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో చూడండి.

ఎండాకాలం మాత్రం ఎవరి విద్యా సాగదు. ఎండలకి పేరుమోసిన రెంటచింతల మా జిల్లాలోనే ఉంది. మే నెలలో నీళ్లు ముప్ఫై రెండు డిగ్రీలు దాటితే కాడలు సన్నబడి, ఆకులు ఎడంగా వస్తాయి. నీళ్ల పై తలం మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పితే ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయాలి, బోరు నీళ్లు పోస్తే రోజురోజుకీ సున్నం చిక్కబడుతుంది.

కొన్న కొత్త మొక్క ఆకులు రాలిపోతే కంగారు పడొద్దు. నర్సరీల్లో వీటిని చాలావరకు నీళ్ల పైన పెంచుతారు. ఒడ్డు మీద రోటాలా ఆకు గుండ్రంగా ఉంటుంది, మునిగాక వచ్చే ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది. పాత ఆకు పోయి కొత్తది రావడానికి రెండు మూడు వారాలు ఇవ్వండి. కట్టకి చుట్టిన సీసపు పట్టీ విప్పేసి, ఒక్కో కాడనీ విడిగా, రెండు వేళ్ల ఎడంతో, పొడుగాటి పట్టకారతో నాటండి. కట్టకట్టుగా గుచ్చితే లోపలి కాడలు వెలుగు లేక కుళ్లుతాయి.

వెనక వరస అందమంతా కత్తెరలో ఉంది. రోటాలాని ఎంత కత్తిరిస్తే అంత గుబురవుతుంది. ఒక్కో కోత దగ్గర రెండు మూడు పిలకలు లేస్తాయి. నేను కావాల్సిన ఎత్తుకి బాగా కిందకే కోస్తాను, పిలకలు పెరిగొచ్చి ఆ ఎత్తు చేరేసరికి పొద అంతా ఒకే వయసు కొనలతో నిండుతుంది. ఎరుపు ఉండేది కొనల్లోనే. కొన్ని కోతలయ్యాక అడుగు కాడలు మోడుబారతాయి, అప్పుడు పాతవి పీకి కొనలు మళ్లీ నాటాలి. ఆల్టర్నాంథెరా నిదానపు మొక్క, దాని మీద కత్తెర తొందరపడకూడదు. ఇంకో మాట, వెనకంతా ఎరుపే నింపితే ఏదీ ఎర్రగా కనిపించదు. నేను మూడు వంతుల్లో ఒక వంతే ఎరుపు ఉంచి, పక్కన హైగ్రోఫిలా, వాలిస్నేరియా లాంటి పచ్చవి పెడతాను.

పొన్నగంటిని కూడా పెట్టి చూశాను. మొదట్లో బాగానే ఉంది, తరవాత అడుగు నుంచి మెత్తబడింది. అది తడి గట్టు మొక్క, మునిగి బతకలేదు. దుకాణాల్లో ఎర్ర పొన్నగంటిని కూడా అక్వేరియం మొక్క అని అమ్ముతారు, దాని గతీ అంతే. పొలాల్లో అగ్నివేండ్రపాకు అని కలుపు మొక్క ఉంటుంది, కాడ ఎర్రగా, ఆకు సన్నగా. అదీ అమ్మానియానే. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన దాని దాయాదిని మనవాళ్లు కాడ లెక్కన కొంటున్నారు. కలుపు మందు అమ్మే కొట్లో కూర్చుని ఆ దాయాదిని పెంచడం నాకు తమాషాగానే ఉంటుంది.

కత్తిరించిన ముక్కల్ని ఏం చేయాలో ఎవరూ అడగరు, కానీ అదే ముఖ్యం. కాలవలో వేయకండి. గుర్రపుడెక్క కూడా పువ్వు బాగుందని మనుషులు దేశాలు దాటించిన మొక్కే, ఇప్పుడు మన కాలవల్లో పూడిక తీసేవాళ్లని అడగండి. 2020లో కేరళలో కోజికోడ్ జిల్లా ఆవళ పాండిలో ఒక కాలవ అంతా గులాబీ పూలతో నిండిందని జనం ఎగబడి ఫొటోలు తీసుకున్నారు. అది కబొంబా ఫుర్కాటా, అక్వేరియంలో వెనక వరసకి పెట్టే ఎర్ర మొక్క, అమెరికా ఖండాలది. ఎదురు దెబ్బ కూడా ఉంది, మన హైగ్రోఫిలా పాలీస్పెర్మా, కాలవల్లోని హైడ్రిల్లా అమెరికాలో ప్రభుత్వం నిషేధించిన కలుపు జాబితాలో ఉన్నాయి.

మాకు ఇటు సాగర్ కుడి కాలవ ఉంది. అందుకే ముక్కలన్నీ డాబా మీద ఎండబెట్టి, కరకరలాడేదాకా ఎండాక కరివేపాకు కుండీలో వేస్తాను. రోటాలా కొనలు కావాల్సినవాళ్లు మాత్రం ఆదివారం నీళ్లు మార్చే టైముకి కొట్టుకు రండి, మూత ఉన్న డబ్బా మీరే తెచ్చుకోండి. మాక్రాండ్రా అడగొద్దు, అది నాకే చాలడంలేదు.