ఓడలో వడ్డన తగ్గింది

ఓడ విహారానికి వెళ్ళివచ్చిన వారిని పలకరిస్తే ఈమధ్య సముద్రం గురించి కంటే భోజనం గురించే ఎక్కువ చెబుతున్నారు. అదీ మెచ్చుకోలుగా కాదు. కొన్నేళ్ళ కిందట ఈ ముచ్చట విజయనగరంలో ఎవరికీ పట్టేది కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ‘ఎంప్రెస్’ ఓడ విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణికులను తీసుకువెళ్ళడం, ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభం కావడం జరిగాక, పిల్లలు దూరదేశాల్లో స్థిరపడిన మా తరం దంపతులకు కాశీయాత్ర పక్కన ఓడ ప్రయాణం కూడా ఒక కోరికగా చేరింది. మేము కొన్ని కుటుంబాల వాళ్ళం కలిసి విశాఖలో విమానం ఎక్కి సింగపూర్ వెళ్ళి, అక్కడి నుంచి ఒక విదేశీ కంపెనీ ఓడలో తిరిగి వచ్చాం. ఆ కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు, ఎందుకంటే ఇప్పుడు భోజనంలో ఈ తగ్గింపు దాదాపు అన్ని పెద్ద ఓడల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

టికెట్టు అమ్మినప్పుడు మాకు చూపించిన కాగితాల్లో భోజనం ఖర్చు టికెట్టులోనే కలిసి ఉంటుందని పెద్ద అక్షరాల్లో రాశారు. అది అబద్ధమని అనలేను. మూడు పూటలా తిన్నాం, ఆకలితో పడుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అయితే కోవిడ్‌కు ముందు అదే ఓడలో తిరిగివచ్చిన మా వదినగారి తమ్ముడు వర్ణించిన వైభవానికీ, మా కళ్ళ ముందు ఉన్నదానికీ పొంతన కుదరలేదు. ఆయన వెళ్ళిన రోజుల్లో అర్ధరాత్రి దాకా తెరిచి ఉండిన బఫేలో ఇప్పుడు తొమ్మిదిన్నరకే దీపాలు ఆర్పేస్తున్నారు. విడిగా ఉండే భారతీయ వంటల వరుసను ఆసియా వంటల వరుసలో కలిపేయడంతో ఒక పప్పు, ఒక పనీరు కూర, ఇంత అన్నం మిగిలాయి, మర్నాడూ అవే కనిపించాయి. గదికి గ్లాసుడు పాలు తెప్పించుకున్నా విడిగా రుసుము పడుతుంది. ఓడ రేవులో ఆగిన రోజున పెద్ద భోజనశాలను మధ్యాహ్నం తెరవరు. మెనూ కార్డు చేతికి ఇచ్చే పద్ధతి కూడా పోయింది కనుక, చత్వారం వచ్చిన పెద్దలందరూ బల్ల మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి, ఫోను తెరను రెండు వేళ్ళతో సాగదీసుకుంటూ చదువుకోవలసి వచ్చింది.

మా బృందంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. పెరుగన్నం కలపకుండా భోజనం ముగించడం ఆయన ఎరగరు. రాత్రి భోజనంలో ఆయన పెరుగు అడిగితే వడ్డించే కుర్రవాడు లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, పైన రేకు అంటించిన ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు ముందు పెట్టాడు. పెద్దాయన ఆ రేకును జాగ్రత్తగా ఒలిచి, లోపల గులాబీ రంగులో ఉన్నదాన్ని చెంచాతో కదిపి, వాసన చూసి, భార్య వైపు తిరిగారు. “ఏటే ఇది? పెరుగులో పండేటి?” అన్నారు. మామూలు పెరుగు ఇప్పుడు ఉదయం ఫలహారాల దగ్గర మాత్రమే పెడుతున్నారనీ, రాత్రికి తీసేశారనీ ఆ కుర్రవాడు ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆవిడ ఇంటి దగ్గర నుంచి ఆవకాయ సీసా సర్దుకుని వచ్చారు గానీ, ఇంట్లో తయారు చేసినవి ఓడలోకి పనికిరావని సింగపూర్ తనిఖీలోనే తీసిపెట్టేశారు. సీలు వేసి ఉన్న పలాస జీడిపప్పు పొట్లాలు మాత్రమే గట్టెక్కాయి. ఆ రాత్రి పెద్దాయన మజ్జిగైనా లేకుండా లేచారు. ఆయన కోపగించుకోలేదు గానీ, ఆ తరువాత ఎవరు ఓడను మెచ్చుకున్నా తలాడించడం మానేశారు.

మా పక్క బల్ల దగ్గర చెన్నైలో స్థిరపడిన తెలుగు దంపతులు ఉండేవారు. ఓడ ప్రయాణాలు బాగా అలవాటైనవారు, అందుచేత తగ్గిన ప్రతిదీ వారి దృష్టిలో పడేది. ఒకప్పుడు అడగకుండానే వచ్చే రొట్టెల బుట్ట ఇప్పుడు అడిగితేనే వస్తోందని, రొయ్యల పళ్ళెంలో రొయ్యలు లెక్కకు వచ్చేలా ఉన్నాయని, లాబ్‌స్టర్‌కు వేరే బిల్లు వేస్తున్నారని ఆయన వరుసగా చెప్పుకొచ్చారు. “ధర పెంచమనండి, కడతాం. ప్లేటులో తగ్గించేసి, అదే ధరకు అదే భోజనం పెడుతున్నామని చెప్పడం ఎందుకండీ?” అన్నారు. ఓడలో నేను విన్న మాటలన్నింటిలో నాకు సరైనదిగా తోచింది ఇదే. మొదటిసారి వచ్చినవారికి పోల్చుకోవడానికి ఏమీ లేదు కనుక వారు అంతా బాగుందనే అన్నారు. మా వదినగారైతే, ఇంత తిండి పెట్టి ఇంకా తగ్గిందంటారేమిటని మమ్మల్నే కోప్పడ్డారు.

కంపెనీల వైపు నుంచి చూస్తే కారణాలు లేకపోలేదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ప్రపంచమంతటా ఈ ఓడలు నిలిచిపోయాయి. అమెరికా రేవుల నుంచి మళ్ళీ బయలుదేరడానికి 2021 వేసవి దాకా పట్టింది. టికెట్టు అమ్మకపోయినా ఓడను లంగరు వేసి ఉంచడానికీ, కనీస సిబ్బందిని నిలుపుకోవడానికీ ఖర్చు తప్పలేదు. ఈ వ్యాపారంలో అన్నిటికంటే పెద్దదైన కార్నివాల్ కార్పొరేషన్ అప్పు 2023 ఆరంభం నాటికి దాదాపు 3,500 కోట్ల డాలర్లకు చేరింది. ఆ సంస్థ నడిపే కార్నివాల్ ఓడల్లో, ప్రధాన భోజనశాలలో రెండు ముఖ్య వంటకాల వరకు ఉచితంగా ఇచ్చి, మూడోదాని నుంచి ఒక్కొక్కదానికి 5 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. రాయల్ కరీబియన్ వారు 2023 ప్రారంభంలో మెనూను ఒక రాత్రి ఇటలీ, ఇంకొక రాత్రి ఫ్రాన్స్ అన్నట్టుగా మార్చేయడంతో, అంతకుముందు ప్రతి రాత్రీ దొరికే కొన్ని పాత వంటకాలు ఏదో ఒక రాత్రికి పరిమితమయ్యాయి. భోజనం త్వరగా ముగిసేలా చేయడం కూడా ఆ మార్పు ఉద్దేశమే.

ఇంత చిన్న చిన్న కోతలతో ఏం మిగులుతుందని నాకు మొదట అనిపించింది. లెక్క వేస్తే సంగతి తెలిసింది. కార్నివాల్ కార్పొరేషన్ 2024లో ఆహారం మీద పెట్టిన ఖర్చు 140 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది ఆ సంస్థ ఓడలన్నింటిలో ప్రయాణికులు గడిపిన రోజులను కూడితే సుమారు 10 కోట్లు. అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజుకు 15 డాలర్లకు కొంచెం అటూ ఇటూ. వండేవారి, వడ్డించేవారి జీతాలు ఇందులో రావు. ఆ 15లో ఒక్క డాలరు తగ్గించగలిగితే ఏడాదికి 10 కోట్ల డాలర్లు మిగులుతాయి. అడగకుండా వచ్చే రొట్టెల బుట్ట ఎందుకు మాయమైందో, మామూలు పెరుగు రాత్రి పూట ఎందుకు లేదో ఈ ఒక్క లెక్కలోనే ఉంది. ఇంకొక విశేషం ఏమిటంటే, పెద్ద అమెరికా ఓడల్లో సిబ్బంది కోసమని ప్రతి ప్రయాణికుడి ఖాతాలో రోజుకు వేసే టిప్పు కూడా 16 డాలర్లో, అంతకు కాస్త ఎక్కువో ఉంటుంది. మన ముందు పెట్టే సరుకుల ఖరీదు కంటే సిబ్బందికంతా కలిపి మనం విడిగా ఇచ్చేదే ఎక్కువన్నమాట.

వృథా తగ్గించడానికే ఈ కోతలన్న కంపెనీల మాటలో మాత్రం కొంత నిజం ఉంది. బఫేలో గుట్టగా వడ్డించుకుని సగం వదిలేసి లేచిపోయే బల్లలు మేమూ చూశాం, వాటిలో మన తెలుగువారి బల్లలూ ఉన్నాయి. మా మేనల్లుడు ఒకడు, కవిటి వైపు వాడు, వేరే కంపెనీ ఓడ వంటశాలలో పని చేస్తున్నాడు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఓడ ఉద్యోగాలకు వెళ్ళిన కుర్రవాళ్ళు లేని ఊరు అరుదు. వాడు చెప్పిన ప్రకారం, పళ్ళేల్లో మిగిలినదాన్ని వేరు చేసి తూకం వేస్తారు. ఏ వంటకం ఎంత తిరిగి వచ్చిందో రాస్తారు. ఆ రాతను బట్టే తరువాతి ప్రయాణానికి సరుకు తెప్పిస్తారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తీరానికి 12 నాటికల్ మైళ్ళ లోపల ఆహార వ్యర్థాలను అలాగే సముద్రంలో పారబోయకూడదు. 25 మిల్లీమీటర్ల రంధ్రాలున్న జల్లెడలో దిగేంత సన్నగా నలిపితే 3 మైళ్ళు దాటాక వదలవచ్చు, అదీ ప్రత్యేక రక్షణ ఉన్న సముద్ర ప్రాంతాల్లో కాదు. కాబట్టి వృథా అయిన ప్రతి ముద్దనూ కొనడమే కాక మోయాలి, నలపాలి, దాచాలి. కార్నివాల్ కార్పొరేషన్ తలసరి వృథాను 2019తో పోలిస్తే 2030 నాటికి సగానికి తగ్గిస్తామని లక్ష్యం పెట్టుకుంది. ఈ తగ్గింపును నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ రాత్రి తొమ్మిదిన్నరకు బఫే మూసేసి, అదే గంటలో పక్కనే ఉన్న, విడిగా డబ్బు కట్టి తినే హోటల్లో బల్లలు ఖాళీ ఉన్నాయని మైకులో పిలవడాన్ని వృథా తగ్గింపు అంటే ఒప్పుకోలేను.

బఫే తొందరగా మూస్తే మీకు విశ్రాంతే కదా అని మేనల్లుణ్ణి అడిగాను. ఓడ ఉద్యోగికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది కూడా. వాడు నవ్వేశాడు. “అక్కడ మూసెత్తే మమ్మల్ని డబ్బులు కట్టే హోటల్లోకి మారుత్తారు మావయ్యా, పడుకోమని పంపరు. తగ్గించింది మేం కాదు, మాకొచ్చిన సరుకే తగ్గిపోనాది. తిట్లు మాత్రం మాకే” అన్నాడు.

ఓడలో డబ్బు కట్టి తినే హోటలు ఉండడం కొత్తేమీ కాదు. 1912లో మునిగిపోయిన టైటానిక్‌లో కూడా మొదటి తరగతి వారికి అలాంటి ప్రత్యేక హోటలు ఉండేది. మామూలు భోజనశాల ఉండగానే, కావాలనుకున్నవారు అక్కడికి వెళ్ళి విడిగా చెల్లించేవారు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. టికెట్టులో కలిసిన భోజనాన్ని పలచన చేస్తే తప్ప ఆ పక్క హోటలు నిండదన్న ఆలోచన దీని వెనక ఉంది. మన పెళ్ళి పంక్తిలో పనసపొట్టు కూర ఒక్కటే వడ్డించినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ విస్తరి ముందు కూర్చున్నాక, రెండోసారి కావాలంటే పక్క పందిట్లో అమ్ముతున్నారని చెబితే ఆ పెళ్ళివారి మాట ఊళ్ళో ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పక్కరలేదు. ప్రయాణికుల కోపంలో సగం దీనిదే. తక్కువ పెట్టడాన్ని వాళ్ళు సహిస్తారు, సర్దుకుంటారు; కూర్చున్నాక లెక్క చెప్పడాన్ని సహించరు.

నన్ను అడిగితే ఐసు శిల్పాలు, పండ్లను చెక్కి పెట్టే నెమళ్ళు అన్నీ తీసేసినా నష్టం లేదు. అన్నం, పప్పు, పెరుగు, రొట్టె, పండ్లు వంటి మామూలు పదార్థాలు మాత్రం వేళతో సంబంధం లేకుండా అడిగినన్నిసార్లు ఇవ్వాలి. తీసేసినవి ఏవో, రుసుము పెట్టినవి ఏవో టికెట్టు అమ్మేటప్పుడే ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. శాకాహారులకు ఇది మరీ ముఖ్యం. మాంసాహారికి నాలుగు వంటకాల్లో ఒకటి పోతే మూడు మిగులుతాయి, మాకు రెండింటిలో ఒకటి పోతే పనీరే మిగులుతుంది. మన వైపు నుంచి వెళ్ళాలనుకునేవారు ఏజెంటును గది కిటికీ ఎటువైపు ఉందని అడిగే ముందు, బఫే ఎన్ని గంటలకు మూస్తారు, భారతీయ వంటలు రెండు పూటలా ఉంటాయా, గదికి తెప్పించుకుంటే ఎంత అన్న మూడు ప్రశ్నలు అడిగి, జవాబును వాట్సాప్‌లోనైనా రాయించుకోవడం మంచిది.

చివరి రాత్రి మా బల్లకు వడ్డించిన కుర్రవాడు వచ్చి, అభిప్రాయ పత్రంలో పూర్తి మార్కులు వేయమని బతిమాలినట్టుగా అడిగాడు. భోజనం బాగాలేదని రాస్తే ఆ తక్కువ మార్కు తన పేరు మీదనే పడుతుందని, తరువాతి కాంట్రాక్టుకు అది అడ్డం వస్తుందని మెల్లగా చెప్పాడు. మా పెద్దాయన పెరుగు సంగతి రాయాలని పెన్ను తీసినవారు, ఆ మాట విని అతని వడ్డనకు పదికి పది వేయించారు. నేను అతనికి పూర్తి మార్కులు వేసి, కింద ఖాళీ చోట మెనూ మీద నా అభ్యంతరాలను, అవి వడ్డించేవారికి సంబంధించినవి కావన్న వివరణతో సహా, ఒక పేజీ రాశాను. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. నా అభిప్రాయం వారికి ఎంతో విలువైనదట. వచ్చే ప్రయాణంలో డబ్బు చెల్లించి తినే వారి ప్రత్యేక హోటల్లో నాకు రాయితీ ఇస్తారట.