నాయనమ్మ కళ్ళజోడు, దానియేలు రెండో అధ్యాయం

ఆదివారం, రాత్రి పది దాటింది.

పొద్దున నాయనమ్మ కళ్ళజోడు కాడ విరిగింది. బాగుచేసే దుకాణం రేపటిదాకా తెరవరు. దాంతో బైబిలు చదివి వినిపించే పని నా మీద పడింది. దానియేలు రెండో అధ్యాయం: నెబుకద్నెజరు కల, బంగారు తల, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. ఒక రాయి వచ్చి ఆ పాదాలను కొట్టగానే విగ్రహమంతా కళ్ళంలో పొట్టులా ఎగిరిపోతుంది.

వారంగా థామస్ ముంట్సర్ అనే జర్మన్ మతబోధకుడి గురించి చదువుతున్నాను కనుక నోరు ఊరుకోలేదు. ఇదే అధ్యాయం పట్టుకుని ఆయన 1524 జులై 13న జర్మనీలోని ఆల్‌ష్టెట్ కోటలో ప్రసంగించాడు. ఎదురుగా కూర్చున్నది సాక్సనీ డ్యూక్ యోహాన్, ఆయన కొడుకు. రాజ్యాలను కూలదోసే ఆ రాయి ఇప్పటికే పెద్దదైంది, అది మీకంటే పేద రైతులకే బాగా కనిపిస్తోంది అని వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. భక్తిహీనుల మీద కత్తి ఎత్తకపోతే అది మీ చేతిలోంచి పోతుందన్నాడు. ఆ పూట వాళ్ళకు భోజనం ఎలా సయించిందో!

ఏడాది తిరగకముందే ఆయన ఇంద్రధనుస్సు జెండాతో, ప్రభువుల మీద తిరగబడ్డ రైతుల మధ్య ఉన్నాడు. 1525 మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర సూర్యుడి చుట్టూ రంగుల వలయం కనిపించిందట, దేవుడి గుర్తనుకున్నారట. తర్వాత ఫిరంగులు పేలాయి. వేలమంది రైతులు చనిపోయారు. ముంట్సర్‌ను చిత్రహింసలు పెట్టి, మే 27న తల నరికారు. తిరగబడ్డ రైతులను నరకమని, చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన కరపత్రం మాత్రం నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడు పడదు.

జర్మనీలో 1848 విప్లవం ఓడిపోయాక, 1850లో మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఈ రైతుల యుద్ధం గురించి రాశాడు. ముంట్సర్ మతం నాస్తికత్వానికీ, రాజకీయం కమ్యూనిజానికీ దగ్గరగా వచ్చాయన్నాడు. తర్వాత కమ్యూనిస్టు తూర్పు జర్మనీ ముంట్సర్ బొమ్మను 5 మార్కుల నోటు మీద వేసింది. వర్గపోరాటం ఆ రోజుల్లో మతం ముసుగు వేసుకుందన్న ఎంగెల్స్ వాదన నాకు సగమే ఎక్కుతుంది. ముసుగును నమ్ముకుని ఎవరు ఫిరంగికి ఎదురు నిలబడతారు? పాత లోకం చివరికొచ్చిందని నిజంగా నమ్మినవాడికే కదా, భూస్వామి పొలంలో వెట్టి కూడా శాశ్వతం కాదని తోచేది.

నాయనమ్మ అంతా విని, "రాయి దగ్గర మళ్ళీ చదువు నాన్నా," అంది. చదివాను: చేతి సహాయము లేక తీయబడిన ఒక రాయి.

"చేతి సహాయం లేకుండా అని ఉంది కదా. మరి ఆయన కత్తి ఎందుకు పట్టమన్నాడు?"

ముంట్సర్‌కు ఈ ప్రశ్న ముందే తెలుసు. మీ కత్తి లేకుండా దేవుడే చేసుకుంటాడని సాకులు చెప్పకండి, అది ఒరలోనే తుప్పు పడుతుంది అని ఆ ప్రసంగంలోనే అన్నాడు. అదే చెప్పాను.

"కత్తికి తుప్పు పడితే ఎవరికి నష్టం?" అంది నాయనమ్మ.

నేను జవాబు వెతుక్కునేలోపే మూడో అధ్యాయం మొదలుపెట్టమంది. షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండంలోంచి బయటపడేసరికి నా గొంతు పోయింది. రేపు దుకాణం తెరవగానే కళ్ళజోడు ఇచ్చి రావాలి.