ఇప్పుడు స్లైడర్ ఫోన్ వాడాలంటే

కాల్స్‌కీ పాటలకీ తప్ప దేనికీ పనికిరాని చిన్న ఫోన్ ఒకటి కావాలనుకున్నాను. మనసు నోకియా 5300 మీద పడింది. 2006 నాటి స్లైడర్, అంటే పై సగాన్ని జరిపితే కింద కీప్యాడ్ బయటపడే ఫోన్. పక్కల రబ్బరు పట్టు, ఎరుపూ తెలుపూ రంగులు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో పాత పీసు ఒకటి దొరికింది.

స్లైడర్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఫ్లెక్స్. స్క్రీన్ ఉన్న పై సగాన్నీ, కీప్యాడ్ ఉన్న కింది సగాన్నీ కలిపేది పల్చటి ఆ రిబ్బనే. తెరిచినప్పుడల్లా మడతపడుతుంది కాబట్టి ఏ స్లైడర్‌కైనా అదే బలహీనమైన చోటు. "అన్నా, ఆన్ చేసి మెల్లగ జరుపు. స్క్రీన్ మినుకుమనకపోతే ఫ్లెక్స్ మంచిగున్నట్టే" అన్నాడు షాపతను. మినుకుమనలేదు. బీఎల్-5బీ బ్యాటరీ మాత్రం కొత్తది వేయించాను.

తర్వాత సిమ్. ఇది 2జీ ఫోన్, జియోకి 2జీ లేదు. ఎయిర్‌టెల్ సిమ్ తీసుకుంటే అది నానో, ఇందులో పట్టేది పాతకాలం పెద్ద సైజు. అడాప్టర్‌లో పెట్టి దూర్చాను. మెమరీ కార్డు 2 జీబీ దాటకూడదు. ఈ రోజుల్లో దాన్ని వెతకడమే పెద్ద పని. ఇయర్‌ఫోన్ రంధ్రం కూడా 2.5 మిల్లీమీటర్లది, దానికీ ఒక కన్వర్టర్.

ఇంత తంటా ఎందుకంటే, ఆ స్లైడ్ కోసమే. బొటనవేలితో సగం దాకా తోస్తే చాలు, మిగతా సగం స్ప్రింగే లాక్కుంటుంది. తెరిస్తే కాల్ ఎత్తినట్టు, మూస్తే పెట్టేసినట్టు సెట్ చేసుకోవచ్చు. పాటల బటన్లు స్క్రీన్ పక్కనే ఉంటాయి కాబట్టి మూసి ఉన్నా, జేబులోంచి తీయకుండానే, తడిమి పాట మార్చేయొచ్చు. టచ్ ఫోన్‌లో ఆ సుఖం లేదు.

టైపింగ్ మాత్రం హింసే. 1, 2, 3 వరస పై సగం అంచుకి మరీ దగ్గర, గోరు తగులుతూ ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడదామంటే, పదాల్ని తనే ఊహించే డిక్షనరీ అడ్డం పడుతుంది. "ఎలా ఉన్నావ్" దానికేం తెలుసు పాపం! ఆఫ్ చేసి, ఒక్కో బటన్ రెండుసార్లూ మూడుసార్లూ నొక్కాల్సిందే.

యూపీఐ యాప్‌లు ఇందులో నడవవు కాబట్టి బ్యాంకుకిచ్చిన నంబరు కదపలేదు, అది పెద్ద ఫోన్‌లోనే ఉంది. కొత్త నంబరు ఇంట్లోవాళ్లకీ ఇద్దరు ముగ్గురు స్నేహితులకీ తప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఆఫీసువాళ్లకి అసలే తెలియదు.