క్యూ కోసం రైలెక్కాను

పూల్ ఆటలో బంతిని కొట్టే కర్ర, అదే క్యూ, కొనడానికి రాత్రంతా రైల్లో వెళ్తున్నానంటే ఇంట్లో నవ్వారు. ఫోన్‌లో బొమ్మ చూసి నొక్కితే గుమ్మంలోకి వచ్చే వస్తువే కదా అన్నారు. బొమ్మలో బట్ మీది, అంటే చేత్తో పట్టుకునే లావు భాగం మీది, నగిషీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. బంతిని కొట్టేది మాత్రం అవతలి కొస. దాని సంగతి చేత్తో పట్టుకుని ఆడితే తప్ప తెలియదు. అందుకే టేబుల్ మీద ఆడి చూశాకే కొనుక్కోనిచ్చే దుకాణం ఒకటి ఉందని విని టికెట్ తీసుకున్నాను.

సామాను ఒక జత బట్టలు, క్యూ కొసకు రుద్దడానికి నేను అలవాటుపడ్డ చాక్, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఖాళీ క్యూ పెట్టె. పొడవాటి ఆ నల్ల పెట్టెను చూసి ఎదురు బెర్త్ ఆయన "వేణువా బాబూ?" అని అడిగాడు. "అంత పొడుగు వేణువు ఉంటుందా, గాలం అయ్యుంటుంది" అంది ఆయన భార్య. పెట్టె తెరిచి ఖాళీగా చూపించేసరికి ఇద్దరికీ అనుమానం ఇంకా పెరిగింది.

దుకాణం రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీదికే బంతుల చప్పుడు వినిపిస్తోంది. నడిపేది ఒక పెద్దాయన. "19 ఔన్సుల క్యూ చూపించండి" అన్నాను. "బరువు తర్వాత చూద్దాం బాబూ, ముందు ఇవి దొర్లించు" అని కొన్ని క్యూలు టేబుల్ మీద పెట్టారు.

షాఫ్ట్ అనే సన్నని ముందు భాగం విడిగా, బట్ విడిగా, తర్వాత రెండూ బిగించి దొర్లించాలట. క్యూ ఒక వైపు సన్నం కాబట్టి షాఫ్ట్ కింద కొంచెం సందు ఉంటుంది. దొర్లుతున్నంతసేపూ ఆ సందు ఒకేలా ఉండాలి. పెరుగుతూ తరుగుతూ ఉంటే వంకర ఉన్నట్టే. ఒక క్యూ రెండు భాగాలూ విడివిడిగా చక్కగానే దొర్లాయి, బిగించాక మాత్రం ఎగిరింది. జాయింట్ దగ్గర ముఖాలు సమంగా కూర్చోలేదన్నమాట. దాన్ని ఆయనే పక్కన పెట్టేశారు.

బరువు గురించి నేను పడ్డ టెన్షన్ అంతా అనవసరం అనిపించింది. పూల్ క్యూలు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సుల మధ్య, అంటే సుమారు 510 నుంచి 595 గ్రాములు ఉంటాయి. చాలా వాటిలో బట్ లోపలి బోల్టు మార్చి బరువు కొంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అసలు చూడాల్సింది బరువు ఎక్కడ ఉందన్నది. ఒకే బరువున్న రెండు క్యూలు ఇచ్చి పట్టుకోమన్నారు. ఒకటి ముందుకు వాలుతోంది, రెండోది వెనక చేతిలో బద్ధకంగా కూర్చుంది. నాకు ముందుకు వాలేదే నచ్చింది.

ఇక షాఫ్ట్. నేను అంత దూరం వెళ్లింది దీని కోసమే. క్యూతో కొట్టే తెల్ల బంతిని, అంటే వైట్ బాల్‌ను, కుడి పక్కన కొడితే అది క్యూ చూపిన గీత మీద పోదు, కాస్త ఎడమకు జరిగి పోతుంది. షాఫ్ట్ ముందరి కొద్ది అంగుళాలు ఎంత బరువుంటే ఆ జరుగుడు అంత ఎక్కువ. అందుకే కొత్తరకం షాఫ్ట్‌లలో చివరి భాగం లోపల తొలిచి, కొసన ఉండే చిన్న తొడుగును, అంటే ఫెరూల్‌ను, తేలిక పదార్థంతో చేస్తారు. పెద్దాయన ఒక బంతిని టేబుల్ అవతలి కొసన పెట్టి, నిండు గురి పట్టి సైడ్‌తో, అంటే వైట్ బాల్‌ను మధ్యలో కాక పక్కన, గట్టిగా కొట్టమన్నారు. మామూలు మేపుల్ షాఫ్ట్‌తో వైట్ బాల్ దానికి అంచున రాసుకుంటూ పోయింది. లోపల తొలిచిన దానితో దాదాపు నిండుగా తగిలింది. కొట్టింది అదే చెయ్యి! మార్చి మార్చి అదే షాట్ ఆడుతూ కూర్చున్నాను. ఆయన విసుక్కోలేదు.

కార్బన్ ఫైబర్ షాఫ్ట్ కూడా ఇచ్చారు. అది తేమకు వంగదు, నొక్కులు పడదు, జరుగుడు కూడా తక్కువే. వాదనకు దొరికే తప్పేమీ లేదు. కానీ దాని చప్పుడు నా చెవికి బోలుగా తోచింది. రోజూ వినాల్సిన చప్పుడు కదా, వద్దన్నాను. లోపల తొలిచిన 12.5 మిల్లీమీటర్ల మేపుల్ షాఫ్ట్ ఖాయం చేసుకున్నాను. బట్ సాదాది తీసుకున్నాను, నగిషీకి డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

బంతికి తగిలే కొస ముక్క, టిప్, పొరల తోలుది, మీడియం వేయించాను. మెత్తనిది చాక్‌ను బాగా పట్టుకుంటుంది కానీ త్వరగా పుట్టగొడుగులా పక్కలకు ఉబ్బుతుంది. టిప్ అంటించి గుండ్రంగా అరగదీస్తూ పెద్దాయన ఒక ముచ్చట చెప్పారు. క్యూకు తోలు టిప్ పెట్టాలన్న ఆలోచన ఫ్రాన్స్‌లో ఖైదులో ఉన్న మింగో అనే సైన్యాధికారిదట, 19వ శతాబ్దం మొదట్లో. జైల్లో బిలియర్డ్స్ టేబుల్ ఉండటమే నాకు ఎక్కువ ఆశ్చర్యం.

తిరుగు ప్రయాణం విమానంలో. క్యూను క్యాబిన్‌లోకి రానివ్వరు, దెబ్బలాటకు పనికొచ్చే కర్రల లెక్కలోకి వస్తుంది. విడదీసినా ఒక్కో ముక్క దాదాపు 29 అంగుళాలు, మామూలు సూట్‌కేసులో పట్టదు. అందుకే ఆ గట్టి పెట్టె. షాఫ్ట్‌కు టీషర్టు చుట్టి, పెట్టె అంతా టేపు వేయించి లగేజీలో ఇచ్చాను. బెల్టు మీద అది అడ్డంగా తిరుగుతూ వచ్చేదాకా నాకు కుదురు లేదు. అక్కడే ఒక మూల కూర్చుని పెట్టె విప్పి చూసుకున్నాను. టిప్ కూడా చెక్కుచెదరలేదు.

"ఎండలో నిలిపిన కారులో వదలకు, గోడకు ఏటవాలుగా ఆనించకు" అని పంపేటప్పుడు పెద్దాయన చెప్పారు. చేతికి పాత క్యూ లెక్క పోయేదాకా సైడ్ తక్కువ వాడమని కూడా అన్నారు. ఆ మాట ఎందుకన్నారో మా ఊరి పూల్ పార్లర్‌లో మొదటి ఆటలోనే తెలిసింది. సూటి షాట్లు బాగానే పడుతున్నాయి. సైడ్ పెట్టినప్పుడు మాత్రం బంతి జరుగుతుందని ముందే పక్కకు గురి పెడుతున్నాను, అది జరగట్లేదు. ప్రస్తుతానికి ఎడమ సైడ్ కొంత దారికొచ్చింది, కుడి సైడ్ ఇంకా రావాలి.