షాక్ థెరపీ టాపిక్: పోలాండ్, రష్యా పక్కపక్కన పెట్టి చదవండి

సివిల్స్‌కి ఎకనామిక్స్ ఆప్షనల్ వాళ్ళకీ జీఎస్ (జనరల్ స్టడీస్)లో వరల్డ్ హిస్టరీ చదివేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా. కమ్యూనిజం పోయాక ఆ దేశాలు మార్కెట్‌లోకి ఎలా వచ్చాయి అనే టాపిక్ చాలామంది నోట్స్‌లో రెండు కాలమ్స్ టేబుల్, షాక్ థెరపీ (ధరల మీద కంట్రోళ్లు ఒక్కసారిగా ఎత్తేసి మార్కెట్‌లోకి దూకడం) అంటే రష్యా, మెల్లమెల్లగా అంటే చైనా, అంతే. మరి పోలాండ్ కూడా షాక్ థెరపీయే కదా, అది ఎలా నిలదొక్కుకుంది అంటే ఆ టేబుల్ నోరెత్తదు. అందుకే నేను చైనా పక్కనపెట్టి ముందు ఈ రెండు దేశాలే పట్టుకున్నా.

పోలాండ్‌లో ఆర్థిక మంత్రి బాల్సెరోవిచ్ పేరు మీద వచ్చిన ప్లాన్ 1990 జనవరి 1న మొదలైంది. చాలా ధరల మీద కంట్రోల్ ఎత్తేశారు, అక్కడి కరెన్సీ జ్లోటీని డాలర్‌కి 9,500 దగ్గర కట్టేశారు, ప్రభుత్వ కంపెనీలు లిమిట్ దాటి జీతాలు పెంచితే పన్ను వేశారు. జనం వార్సా రోడ్ల మీద మడత మంచాలు వేసుకుని దొరికిన సరుకల్లా అమ్మారు, చిన్న ప్రైవేట్ వ్యాపారం అక్కడే పుట్టుకొచ్చింది. పెద్ద ఫ్యాక్టరీల అమ్మకం మాత్రం నిదానంగా జరిగింది, ఇది కచ్చితంగా రాయండి, ఎందుకంటే షాక్ అంతా ధరల్లోనే, ఆస్తుల్లో కాదు. 1991లో పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన దేశాల గుంపు) అప్పు సగం దాకా తగ్గించడానికి ఒప్పుకోవడం కూడా కలిసొచ్చింది. అలాగని నొప్పి లేదని కాదు, 1993కి నిరుద్యోగం 16 శాతం, కానీ గ్రోత్ 1992లోనే తిరిగొచ్చింది.

రష్యా 1992 జనవరి 2న ధరలు వదిలేసింది. అక్కడ సంస్కరణలు నడిపిన గైదార్ చేసింది కూడా పైకి అదే పని, కానీ డబ్బు కుళాయి ఆయన చేతిలో లేదు. సోవియట్ విడిపోయినా మిగతా రిపబ్లిక్కుల సెంట్రల్ బ్యాంకులు కూడా 1993 దాకా రూబుల్ అప్పులు ఇస్తూ పోయాయి, మాస్కోలో బిగిస్తే ఇంకోచోట కారుతుంది. 1992లో ఇన్‌ఫ్లేషన్ 2,500 శాతం చుట్టుపక్కల, పెద్దవాళ్ళ బ్యాంకు దాచుడంతా గాలికిపోయింది. అక్టోబర్ నుంచి మనిషికో 10,000 రూబుళ్ల వోచర్ (ప్రభుత్వ కంపెనీల్లో షేర్లు కొనుక్కునే చీటీ) పంచారు, ప్రైవేటీకరణ చూసిన చుబైస్ ప్రోగ్రాం అది, డబ్బు అవసరమున్నవాడు దాన్ని చవగ్గా అమ్మేసుకున్నాడు. 1995లో షేర్లకు అప్పు స్కీమ్ ఇంకా దారుణం: ప్రభుత్వం నోరిల్స్క్ నికెల్, యూకోస్ లాంటి కంపెనీల షేర్లు తాకట్టు పెట్టి బ్యాంకుల దగ్గర అప్పు తీసుకుంది, ఆ షేర్ల వేలం నడిపిందీ ఆ బ్యాంకులే, గెలిచిందీ వాళ్ళ మనుషులే. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే. నాకైతే ఆన్సర్‌లో ఎక్కువ బరువు ఇక్కడే పెట్టాలనిపిస్తుంది.

చైనా గురించి ఒక్క పేరా చాలు. డ్యూయల్ ట్రాక్ ధరలు (ఒకే సరుకుకి ప్రభుత్వ ధర ఒకటి, మార్కెట్ ధర ఒకటి) రాసి, 1978లో అక్కడ జనంలో ఎక్కువమంది పొలాల్లో ఉన్నారని, రష్యాలోలా ఫ్యాక్టరీల మీద ఆధారపడి లేరని చెప్పండి, అప్పుడే ఆ పోలికకి అర్థం ఉంటుంది.

ఇండియా 1991 సంస్కరణలతో పోల్చమంటే జాగ్రత్త. సోవియట్ కూలడం మనకీ తగిలింది, గుంటూరు పొగాకు అక్కడికి డాలర్లలో కాకుండా రూపాయల లెక్కలో వెళ్ళేది. కానీ మనకి ప్రైవేట్ సెక్టార్, కాంట్రాక్ట్ చట్టాలు, 1875 నుంచి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ ముందే ఉన్నాయి. వార్సా ఎక్స్ఛేంజ్ 1991 ఏప్రిల్‌లో ఐదే ఐదు కంపెనీలతో మొదలైంది, అది కూడా పాత కమ్యూనిస్ట్ పార్టీ ఆఫీసు బిల్డింగ్‌లో. ఈ ఒక్క లైన్ ఇంట్రోలో పెట్టుకోవచ్చు.