అక్క డీఎస్సీ పుస్తకం నుంచి ఆర్‌సీఐ నంబరు దాకా: నా సైకాలజీ చదువు

‘ప్రజ్ఞా లబ్ధి’ అనే మాట నేను మొదట విన్నది మా అక్క డీఎస్సీకి చదువుకుంటున్న రోజుల్లో. మాది విజయనగరం జిల్లా. సాయంత్రం కరెంటు పోతే అరుగు మీద లాంతరు పెట్టుకుని, విద్యా మనోవిజ్ఞానం పుస్తకం నా చేతికిచ్చేది. నేను అడగాలి, తను చెప్పాలి. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ. మానసిక వయసును అసలు వయసుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ప్రజ్ఞా లబ్ధి. అక్కకు అది ఒక మార్కు ప్రశ్న. ఇంటర్ చదువుతున్న నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనిషి తెలివిని భాగహారం ఎలా చేస్తారు? చేసేవాళ్లు ఎవరు? చేశాక ఆ మనిషికి ఏమని చెబుతారు?

బీఏ తెలుగు మీడియంలో పూర్తి చేసి, ఆసెట్ ప్రవేశ పరీక్ష రాసి, 2014లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ పీజీలో చేరాను. “పిచ్చివాళ్ల డాక్టరువి అవుతావా అమ్మా?” అని నాన్న దిగులుపడ్డారు. డాక్టరును కానని ఆయనకు నచ్చజెప్పడానికి చాలా రోజులు పట్టింది. మందులు రాసే మానసిక వైద్యులు ఎంబీబీఎస్ చదివి, ఆ పైన సైకియాట్రీలో ఎండీ చేస్తారు. మేము మందులు రాయము, రాయకూడదు. మాట్లాడతాము, పరీక్షిస్తాము, శిక్షణ ఇస్తాము. ఊళ్లో కొందరైతే మరో ప్రశ్న వేసేవారు: “అక్కడ దయ్యాల గురించి కూడా చెబుతారట కదా?” ఆ ప్రశ్నకు మూలం ఉంది. ఆచార్య కోనేరు రామకృష్ణారావు 1967లో అక్కడ పరామనోవిజ్ఞానానికి, అంటే టెలిపతీ వంటి వాటిని పరిశీలించే చదువుకు, ప్రత్యేక విభాగం ప్రారంభించారు. అమెరికాలో ఆ రంగంలో పేరున్న పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆయన. అక్కడ వెతికింది దయ్యాలను కాదు. పేకముక్కల వంటి వాటితో ఊహను, యాదృచ్ఛికతను వేరు చేసి లెక్కగట్టే ప్రయోగాలు చేసేవారు.

చదువులో నేను ఊహించనిది లెక్కలు. మనసు గురించి చదువుదామని వచ్చినవాళ్లం మొదటి సెమిస్టర్‌లోనే సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం చేత్తో కట్టాల్సి వచ్చింది. పదో తరగతి తరవాత లెక్కల ముఖం చూడని నేను ఒక నెల ఏడ్చాను. అయితే అర్థమైన రోజున మా అక్క పుస్తకంలోని సూత్రం కొత్తగా కనిపించింది. ఇప్పటి ప్రజ్ఞా పరీక్షలు చాలా వరకు భాగహారం చేయవు. ఒక వయసు పిల్లలందరి సగటును 100 అనుకుంటాయి, విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 15. 70 అంటే సగటుకు రెండు విచలనాల దిగువ. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ గీత కింద ఉంటారు. ఆ గీత ప్రకృతి గీసింది కాదు, లెక్క గీసింది. ఇది తెలియకుండా పిల్లలను పరీక్షించేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

ప్రయోగశాల మాత్రం నాకు పండగ. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం ఒకటి ఉంటుంది. కంటికీ కాగితానికీ నడుమ అట్ట అడ్డం పెడతారు, అద్దంలో కనిపించే బొమ్మను బట్టి పెన్సిలు నడపాలి. పైకి పోవాలనుకుంటే చెయ్యి కిందికి లాగుతుంది. మూలమలుపు దగ్గర పెన్సిలు మొండికేసి అక్కడే గీతలు పెడుతుంది. పదోసారికి తప్పులు సగానికి తగ్గాయి, కానీ ఎలా తగ్గాయో నేను చెప్పలేకపోయాను. చెయ్యి నేర్చుకుంది, నోటికి తెలియదు. నేర్చుకోవడం అంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది ఆ నక్షత్రంతోనే.

భాష మరో గండం. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. నేను అక్క పుస్తకం పక్కన పెట్టుకుని పునర్బలనం, నిబంధనం, వైయక్తిక భేదాలు అని మార్జిన్లలో రాసుకుంటూ గట్టెక్కాను. పరీక్షలకు అది చాలింది. మనుషులకు ఏమాత్రం చాలదని తరవాత తెలిసింది.

2016లో పీజీ చేతికొచ్చింది. మొదటి శ్రేణి. గుమ్మానికి బోర్డు కట్టుకోవచ్చని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, నేనూ సగం నమ్మాను. చేరేముందు ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఇదే కాబట్టి నేను గట్టిగా చెబుతున్నాను: సైకాలజీలో పీజీ ఒక్కటే చేస్తే క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవడానికి వీల్లేదు. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన సంస్థలో ఆసుపత్రి శిక్షణతో కూడిన కోర్సు చేసి, ఆ మండలి రిజిస్టరులో నంబరు తెచ్చుకోవాలి. 1992 నాటి చట్టం అది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో విడిగా నిర్వచించింది. మా కాలంలో ఆ కోర్సు రెండేళ్ల ఎం.ఫిల్. ఒక్కో సంస్థలో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, రాసేవాళ్లు వందల్లో ఉంటారు.

మొదటి ఏడు సీటు రాలేదు. ఒక ప్రైవేటు బడిలో కౌన్సెలర్‌గా చేరాను. టీచరు రాని క్లాసులకు వెళ్లడం, పరీక్షలకు కాపలా కాయడం నా పనిలో భాగమైపోయాయి. అవి భరించాను. ఒకరోజు, పిల్లలు నాతో ఏమేం చెప్పుకున్నారో పేర్లతో సహా రాసి ఇవ్వమన్నారు. పిల్లల ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప ఆ మాటలు బయట పెట్టకూడదన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. ఇవ్వనన్నాను. ఆ వేసవికి ఉద్యోగం పోయింది. నా గదికి వచ్చి, తలుపు మూశాకే నోరు విప్పే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. ఆ పిల్ల తరవాత ఎవరితో చెప్పుకుందో అన్న బెంగ నాకు ఈనాటికీ ఉంది.

ఈలోగా నా తోటివాళ్లు తలోదారి పట్టారు. ఒకామె హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో చేరింది, నాకంటే మూడింతల జీతం. ఒకతను నెట్ రాసి ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్లాడు. ఇద్దరు బీఎడ్ కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. ఒకరు టెట్, డీఎస్సీ కోచింగ్ సెంటర్లో సైకాలజీ చెబుతారు, ఆయన క్లాసుకు హాలు నిండిపోతుంది. టెట్‌లో శిశు వికాసానికే ముప్పై మార్కులు మరి. ఒక స్నేహితురాలు ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం కౌన్సెలర్. మరొకామె సఖి కేంద్రంలో, దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లతో మాట్లాడుతుంది. వీళ్లెవరూ దారి తప్పారని నేను అనుకోను. క్లినిక్ ఒక్కటే సైకాలజీ అనుకుని, సీటు రాకపోతే చదువు వృథా అని కుంగిపోయే పిల్లలను చూస్తే బాధ వేస్తుంది.

రెండో ఏడూ క్లినికల్‌లో రాలేదు. 2018లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థలో పునరావాస సైకాలజీ ఎం.ఫిల్ సీటు వచ్చింది. నా అసలు చదువు అక్కడ మొదలైంది. పొద్దున్నే పిల్లలు, మధ్యాహ్నం తల్లిదండ్రులు, రాత్రి కేసు రాతలు. ఒక్కో కేసును పెద్దల ముందు నిలబడి వినిపించాలి. “ఈ మాట తల్లి అన్నదా, నువ్వు అనుకున్నదా?” అని అడిగేవారు. ఆ ప్రశ్నతోనే నా రాత మారింది.

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్‌ను తీసేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 వరకు మినహాయింపు ఇచ్చింది. ఇక దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో సైకాలజీ డిగ్రీ చేద్దామనుకునేవారికి, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి ఆ దారిని యూజీసీ మూసివేసింది. అందుకని ఇప్పుడు చేరేవారు ప్రకటన చూసి ఫీజు కట్టవద్దు. ఆ కోర్సుకు ఆ ఏడాది ఆర్‌సీఐ ఆమోదం ఉందో లేదో జాబితాలో స్వయంగా చూసుకోండి. ఆమోదం లేని కోర్సుకు అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రులు నాకు తెలుసు.

నంబరు వచ్చాక ఉత్తరాంధ్రకే తిరిగి వచ్చాను. మా కేంద్రానికి ఎక్కువగా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం వచ్చేవారే ఉంటారు. సంతకం డాక్టర్లది, మేధో వైకల్యం ఎంతో తేల్చడానికి ఆధారం మా రిపోర్టు. కనీసం 40 శాతం ఉంటేనే చట్టం ఇచ్చే చాలా సదుపాయాలు అందుతాయి. మా అక్క భాగహారం ఇక్కడ ఒక ఇంటి నెల ఖర్చుగా మారుతుంది.

ఇక్కడే నా భాష మళ్లీ చాలకుండా పోయింది. “మీకు ఆందోళనగా ఉంటుందా?” అని ఒక రైతును అడిగితే, “మేము ధర్నాలకు వెళ్లమమ్మా” అన్నాడు. తప్పు ఆయనది కాదు. నేను పుస్తకం మాట వాడాను. గుబులు వేరు, దిగులు వేరు, బెంగ వేరు, గాబరా వేరు. బెంగకు ఎవరో ఒకరు దూరం కావాలి. గుబులుకు కారణం తెలియనక్కరలేదు. “ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది” అన్నవాళ్లను నరాల పరీక్షకు పంపేముందు, ఇంట్లో ఏం జరిగిందో ఒక్క మాట అడగాలి. ఇవేవీ మా సిలబస్‌లో లేవు. జనం దగ్గర నేర్చుకున్నాను.

పోయిన ఏడాది ఒక మామ్మగారు తొమ్మిదేళ్ల మనవణ్ని తీసుకొచ్చింది. సెగ్విన్ ఫార్మ్ బోర్డు అని చెక్క పలక ఉంటుంది. పది ఆకారాల గుంటలు, వాటిలో ఇమిడే పది చెక్కలు. చెక్కలు తీసి మూడు దొంతరలుగా పేర్చి, వీలైనంత త్వరగా పెట్టమంటాము. మూడుసార్లు చేయించి, అన్నిటికన్నా తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటాము. వాడు గుండ్రం పెట్టేశాడు, చతురస్రం పెట్టేశాడు. నక్షత్రాన్ని ప్లస్ గుర్తు గుంటలో పెట్టి అరచేత్తో నొక్కుతున్నాడు. స్టాప్‌వాచ్ నా చేతిలో నడుస్తోంది. వెనక నుంచి మామ్మ ఉండబట్టలేక, “అటు కాదు నాయనా, పక్కది చూడు” అంది. చెప్పకూడదని సైగ చేశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారికి వాడు నక్షత్రాన్ని పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు, గుంటలన్నిటి మీదా చూపు తిప్పాడు, దాని చోట పెట్టాడు.

తరవాత సామాజిక పరిపక్వత ప్రశ్నలు మామ్మను అడిగాను. స్నానం తనే చేస్తాడా? అన్నం కలుపుకుంటాడా? ఒక్కడూ కొట్టుకు వెళ్తాడా? “ఉప్పు తెమ్మంటే తెస్తాడు, చిల్లర తెలియదు” అంది. అన్నీ కూడితే సామాజిక వయసు అయిదున్నర. తొమ్మిదితో భాగించి నూరుతో హెచ్చిస్తే 61. మెడికల్ బోర్డు ముందు పెట్టే రిపోర్టులో ఆ అంకె ఉంటుంది, ఉండాలి.

ఏడాదిన్నరగా నేను ఆ రిపోర్టుకు ఇంకో కాగితం జతచేస్తున్నాను. ఎవరూ అడగలేదు, దానికి ముద్ర ఉండదు. తెలుగులో, ఆ ఇంటివాళ్ల మాటల్లో, పిల్లవాడు ఇప్పుడు ఏమేం చేయగలడో, వచ్చే ఆరు నెలల్లో ఏం నేర్పవచ్చో రాస్తాను. మామ్మగారికి చదువు రాదు, చదివి వినిపించమంది. 61 దగ్గర ఆవిడ ఏమీ అనలేదు. రెండో కాగితంలో, ‘చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటాడు, ఆకారం సరిపోకపోతే ఆగి, చూసి, మార్చుకుంటాడు’ అన్న చోట చెయ్యెత్తి ఆపింది.

“ఆ ముక్క మళ్లీ చదువు తల్లీ,” అంది. “ఈసారి వాడికి వినపడేలా.”