తాలు కంకి

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వెళ్లడానికి తెలివైన వాళ్లెవరూ పలాసలో దిగరు. శ్రీకాకుళం రోడ్డులో దిగి, బస్సులో పాతపట్నం చేరి, అక్కణ్నుంచి ఆటో ఎక్కితే అయిపోతుంది. మా బాబాయ్ మాత్రం ఒప్పుకోడు. "మా ఊరికి రైలుండగా బస్సెక్కుతావేటి? బాగోదు" అని ఫోన్లో తేల్చేశాడు. దాంతో నేనూ పదేళ్ల మా అమ్మాయీ తెల్లారకుండానే పలాసలో దిగి, గుణుపురం పాసింజర్ కోసం డిసెంబరు చలిలో శాలువాలు కప్పుకుని కూర్చోవాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే పర్లాకిమిడి లైను చీలేది నౌపడలో. నౌపడ దాటుకునే పలాస వచ్చాం. మా ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు కాబట్టి ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి పోవాలి. స్టేషన్ బయట జీడిపప్పు ధర అడిగి వచ్చేశాను. పండే ఊళ్లో కూడా హైదరాబాద్ రేటే చెబితే ఇంక పలాస పేరెందుకు?

పాసింజర్ ఎక్కాక మాత్రం కోపం పోయింది. నౌపడ దాటి లోపలికి తిరగ్గానే రెండువైపులా కోసిన వరిచేలు, కుప్పలు, మంచు. టెక్కలిలో ఒకావిడ ఉడకబెట్టిన కందికాయల గంపతో ఎక్కింది. ₹20కి చిన్న డబ్బాడు కొలిచి కాగితంలో పోసింది. పచ్చి కందికాయల్ని ఉప్పేసి ఉడికిస్తే వచ్చే వాసన హైదరాబాద్‌లో ఏ మాల్‌లోనూ దొరకదు. మా అమ్మాయి మొదటి కాయని తొక్కతో సహా నమిలేసింది. గంప ఆవిడ నవ్వి, కాయ కొసను పళ్ల మధ్య పెట్టి ఎలా లాగాలో చేసి చూపించింది. పర్లాకిమిడి వచ్చేసరికి మా ఒళ్లంతా తొక్కలే.

ఈ లైనంటే బాబాయ్‌కి ప్రాణం. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు, రెండున్నర అడుగుల గేజి. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేశారు. బాబాయ్ పెళ్లిచూపులకు వెళ్లింది ఆ చిన్న రైల్లోనే. రిటైరయ్యాక ఆయనకు ఒకటే వ్యాపకం. రోజూ స్టేషన్‌కి నడిచి వెళ్లడం, గుణుపురం బండిని పంపించి రావడం. తనవాళ్లెవరూ ఎక్కరు, దిగరు. బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఇంటికొచ్చి పాత డైరీలో రాస్తాడు. "ఆయనకి ఆ రైలు రెండో కాపురం" అంటుంది పిన్ని.

ఆటో సంగతి చెప్పకపోతే నిద్రపట్టదు. స్టేషన్ నుంచి పిన్ని వాళ్ల వీధికి నడిస్తే పావుగంట. ఆటో అబ్బాయి ₹150 అడిగాడు. నేను తెలుగులో బేరమాడితే తెలుగులోనే 150 అన్నాడు. బాబాయ్ ఒడియాలో ఏదో అన్నాడు, 60కి వచ్చాడు. ఏమన్నావని ఎన్నిసార్లు అడిగినా బాబాయ్ చెప్పలేదు.

వెళ్లేముందు మహేంద్రగిరి, జీరంగో బౌద్ధారామం, ముఖలింగం, తప్తపాణి వేడినీళ్ల బుగ్గ అని పెద్ద పట్టీ రాసుకున్నాను. వారంలో అయింది ఒక్క జీరంగో. కారుకి ₹3500 తీసుకున్నాడు, డీజిల్ ఖర్చు కాక అంటూ మొదలుపెట్టి చివరికి కలిపే అన్నాడు. టిబెట్ నుంచి వచ్చినవాళ్లకు 1963లో అక్కడి చంద్రగిరి దగ్గర చోటిచ్చారు. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన ఆ పెద్ద గుడి, దాని రంగులు, లోపలి బుద్ధుడు అన్నీ బాగున్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం తాళాలేసిన ఇళ్లు. చలికాలం కదా, సగంమంది స్వెట్టర్లు అమ్ముకోవడానికి ఊళ్లమ్మట పోయారట. మా కాలనీ ఫుట్‌పాత్ మీద ఏటా కొట్టుపెట్టే టిబెటన్ ఆవిడ ఇల్లు వీటిలో ఏదైనా కావచ్చని అమ్మాయి ప్రతి తాళం వైపూ చూసింది. తిరిగొచ్చే దారిలో ఊళ్లల్లో ఇంటింటికీ క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి.

మిగతా రోజులన్నీ ఇంట్లో, పెరట్లో, ఏటి ఒడ్డున గడిచిపోయాయి. ఏటి పేరు మహేంద్రతనయ, అంటే మహేంద్రగిరి కూతురని అర్థం. ఆ కొండల్లోనే పుట్టింది మరి. కొండ ఎక్కలేదని నేను చిన్నబుచ్చుకుంటే, "కూతుర్ని రోజూ చూస్తన్నావు గదా, తండ్రితో పనేటి?" అన్నాడు బాబాయ్. ఒకరోజు గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు కదా అని ఆయన బడి వైపు నడిచాం. సవర భాష నేర్చుకుని, దానికి 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించిన మనిషి. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా పిన్ని ఊరొదల్లేదు గానీ, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పక్కింటావిడతో రెండూ కలిపి వండిన భాష మాట్లాడుతుంది. మాట్లాడేదే రాయమని గిడుగు అన్నారు కదా, పిన్ని మాట్లాడేది రాయాలంటే రెండు లిపులు కావాలి.

ఇక అసలు సంగతి. నాకు ముగ్గుల పిచ్చి. అపార్ట్‌మెంట్‌లో వాకిలి లేదు, గుమ్మం ముందు నాలుగు టైల్సు. వేసిన గంటకే తుడిచే కర్ర వచ్చి చుక్కలు మింగేస్తుంది. అందుకని నోటు పుస్తకంలో వేసుకుంటాను. 15 చుక్కలు, మధ్య చుక్క 8 వచ్చేవరకు, అలాంటివి మూడు పుస్తకాలున్నాయి. బుధవారం మధ్యాహ్నం పిన్ని వాళ్ల పక్కింటి మావుసీ (ఒడియాలో మావుసీ అంటే పిన్నే) గడపలో కూర్చుని తెల్లటి పిండినీళ్ల గిన్నె ముందు పెట్టుకుని కనపడింది. ఒడియా వాళ్లు ఝోటి అంటారు. మార్గశిరంలో ప్రతి లక్ష్మివారం, అంటే గురువారం, వాళ్లకు మాణబసా పూజ. మాణ అంటే కుంచం లాంటి కొలపాత్ర. దాన్నిండా కొత్త ధాన్యం పోసి అదే లక్ష్మి అని పూజిస్తారు. మాకూ అదే నెల, అదే వారం, అదే దేవత. మొదటి వారం పులగం, రెండోవారం అట్లు తిమ్మనం, మూడోవారం అప్పాలు పరమాన్నం, ఇలా పిన్ని లెక్క పిన్నికి ఉంది. గోడకు అటొకరు, ఇటొకరు.

నా ముగ్గుల పుస్తకం చూపించాను. మావుసీ మర్యాదగా మూడు పేజీలు తిప్పి, "చుక్కలెందుకమ్మా?" అంది. నాకు జవాబు రాలేదు. చుక్కలు లేకుండా ముగ్గెలా వేస్తారని నా సందేహం, చుక్కలు పెట్టి ఎందుకు వేస్తారని ఆవిడది. బియ్యం నానబెట్టి రుబ్బిన పిండిలో గుడ్డ పేలిక ముంచింది. పేలికని గుప్పిట్లో పట్టుకుని మెల్లగా పిండుతుంటే ఉంగరం వేలి మీదుగా పాలలాంటి గీత జారింది. ఆ వేలు నేలకు ఆనీ ఆననట్టే పోతుంది. వేసేటప్పుడు తడి నేలమీద గీత సరిగా కనపడదు కూడా. పది నిమిషాలకి ఆరుతూ ఆరుతూ తెల్లగా తేలుతుంది, ఎవరో లోపల్నుంచి వేసినట్టు.

నా చేతికిచ్చింది. మొదట అంతా కారి మడుగు కట్టింది. పిండి పలచనైతే కారుతుంది, చిక్కనైతే ఎండి పెచ్చులూడుతుంది అంది. లక్ష్మి పాదాలు పరవాలేదనిపించాయి. తర్వాత వరికంకి వేయమంది. నేను నిలువుగా కాడ గీసి అటూ ఇటూ గింజలు పేర్చాను. మన ముగ్గుల్లో అన్నీ నిటారుగా, సమానంగా ఉండాలి కదా. మావుసీ తల పక్కకి వంచి చూసి, పిన్నితో ఒడియాలో ఏదో అంది. పిన్ని నవ్వాపుకోలేక తెలుగు చేసింది. "నీది తాలు కంకంట!"

పల్లెటూరి మనవరాలినై ఉండి ఆ మాట పడాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్న బాబాయ్‌తో ఏటి గట్టుకి వెళ్లినప్పుడు దారిలో కుప్ప పక్కన రాలిన కంకి ఒకటి తీసి చూశాను. కొస కిందికి వేలాడుతోంది. రెమ్మలన్నీ ఒక పక్కకే ఒరిగి ఉన్నాయి, సమానంగా ఏ రెండూ లేవు. పక్కనే నిక్కబొడుచుకున్న కంకిని గిల్లితే గింజల్లో ఏమీ లేదు, ఉత్త పొట్టు. కాగితం మీద చుక్కలు కలిపేవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. బాబాయ్ మటుకు రైలుకి టైమైందని తొందరపెడుతున్నాడు.

ఆ పొద్దున్నే ఇంకో గొడవ. ముందురోజు బజార్లో కొమ్ము పనివాళ్ల కొట్టుకెళ్లాం. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు పేరున్నవే. కొమ్ముని వేడిచేసి మెత్తబరిచి, వంచి, కోసి, సానబట్టి కొంగలూ రొయ్యలూ చేస్తారు. కొంగ ₹700 అన్నాడు. కాళ్లు చూస్తే మా ఇంట్లో పనిమనిషి దుమ్ము దులిపే రోజుకే విరుగుతాయనిపించి, ₹120కి దువ్వెన కొన్నాను. మా అమ్మాయికి అది తెగ నచ్చింది. లక్ష్మివారం పొద్దున్నే నడవాలో నిలబడి జుట్టు విరబోసుకుని కొత్త దువ్వెనతో దువ్వుకుంటోంది. పిన్ని పూజ గదిలోంచి చూసి, "ఓలమ్మో! లక్ష్మోరం తలకి దువ్వెన పెట్టకూడదే!" అని ఒక్క కేక. నోము పట్టిన ఇంట్లో ఆరోజు తలకి నూనె రాయరు, తల దువ్వరు. సగం తల దువ్వింది, సగం చిక్కు. ఆ సగం జడతోనే అది రోజంతా తిరిగింది. మా ఇంట్లో ఏ ఫ్యాషనూ దానికి అంత సంతోషం ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి గోడ అవతల్నుంచి కాకరాల వాసన. కాకరా అంటే మన సజ్జప్పాలకి దగ్గర చుట్టం, రవ్వముద్దలో కొబ్బరి బెల్లం పూర్ణం పెట్టి వేయించేది. నిన్న సాయంత్రమంతా నాతో కూర్చున్న మనిషి, రెండైనా పంపుతుందని చూశాను. మూడయింది, నాలుగయింది, రాలేదు. నా కంకి చూసి అంత అలుసైపోయానా అనిపించింది. నలభై దాటిన మనిషిని, రెండు అప్పచ్చుల కోసం గోడవైపు చెవి పెట్టుకుని కూర్చున్నాను. పిన్నితో అంటే, "ఆ ప్రసాదం ఇల్లు దాటించరు. పెళ్లయిపోయిన కూతురికే పెట్టదు, నీకు పెడతాదా?" అంది.

ఆ సాయంత్రం పిన్ని అడగకుండానే బియ్యం నానబోసి రుబ్బి ఇచ్చింది. పెరటి గుమ్మం దగ్గర మళ్లీ కూర్చున్నాను. ఈసారి కాడని ముందే వంచేశాను. గింజలు ఒక పక్కకే వేస్తూ పోతుంటే గీత దానంతటదే కిందికి దిగింది. పిండి ఆరేదాకా కూర్చుని చూశాను. ఒక రెమ్మ కొంచెం ఎక్కువ లావైంది, చెరపలేదు.

శుక్రవారం మా ప్రయాణం. పొద్దున్నే మావుసీ స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. వేడి కాకరాలు, పద్దెనిమిది. పూజవి కావు, మా కోసం తెల్లారగట్ల విడిగా చేసినవట. డబ్బా చేతికిస్తూ పెరటి గుమ్మం వైపు చూసింది. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నా కంకిని తొక్కకుండా దాటి, వంగి చూసి, "ఒక పూట తినొచ్చు" అని వెళ్లిపోయింది.

స్టేషన్‌కి బాబాయ్ ఆటో పిలవనివ్వలేదు, నడిపించాడు. బండి పదకొండు నిమిషాలు ఆలస్యం. మేం ఎక్కి కిటికీ దగ్గర సర్దుకునేలోపే మా అమ్మాయి డబ్బా మూత తీసేసింది. బండి కదిలింది. అది నోటినిండా కాకరాతో "తాతయ్యా!" అని అరిచింది. ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, చూపు మాత్రం చేతి గడియారం మీద ఉంది.